తొమ్మిది బస్తాల కారుకి టైర్లు

టైరంటే నల్లగా గుండ్రంగా ఉండే వస్తువు అనుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. ఈమధ్య మా వీధి కుర్రాడొకడు మోటారు సైకిలుకి టైరు మార్చాలట, ఫోన్లో ఏదో బొమ్మ చూపించి "తాతగారూ, ఇది బాగుంటుందా?" అన్నాడు. ఏ రోడ్డు మీద తిరుగుతావు, ఎంత బరువేస్తావు, వానలో నడుపుతావా అని అడిగాను. "అవన్నీ కాదండి, చూడ్డానికి బాగుందా అని" అన్నాడు. పెళ్లిచూపులకి వెళ్లినవాడు కూడా పిల్లని వంట వచ్చా అని ఒక మాట అడుగుతాడు. వీళ్లు టైరుని ఆ మాత్రం కూడా అడగరు.

ఆ కోపంలోనే ఇది రాయడం మొదలుపెట్టాను. కోపం తగ్గాక కూడా రాస్తూనే ఉన్నాను, ఎందుకంటే ఆ కారు సంగతి గుర్తొచ్చింది.

నేను రాజమండ్రిలో ఒక టైర్ల షాపులో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే మానేశాను. ఏ షాపో చెప్పను, ఎవరి పేరూ చెప్పను. ఇందులో వాళ్లు కొందరు ఇంకా నాకు బజార్లో ఎదురవుతూ ఉంటారు, వాళ్లతో నాకు పేచీ ఎందుకు? నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషులో పెద్దక్షరాలు టైర్ల పక్కల మీద నేర్చుకున్నాను. చిన్నక్షరాలు కంపెనీలవాళ్లు పంపే కేటలాగుల్లో, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. షాపులో మిగతావాళ్లు ఆ కేటలాగుల్లో పకోడీలు పొట్లం కట్టించుకునేవాళ్లు. నేను నూనె మరకల్లోంచి చదువుకున్నవాణ్ని.

మా జిల్లాల్లో టైరు మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. ఎన్ని బస్తాలు మోస్తుంది అని అడుగుతారు. ధాన్యం, కొబ్బరికాయలు, చేపల పెట్టెలు, ఇటుకలు, కోళ్ల దాణా, ఏదో ఒకటి మొయ్యడానికే ఇక్కడ చక్రం తిరిగేది. కాబట్టి ఎంత మందంగా ఉంటే అంత మంచి టైరు, ఎంత గట్టిగా గాలి కొడితే అంత మంచి గాలి. మా షాపులో గాలి కొట్టే ఆయన ఒకడుండేవాడు. మీటరు చూసేవాడు కాదు. ఇనపరాడ్డుతో టైరుని కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే సరిపోయినట్టు, బొద్దుమంటే ఇంకా కొట్టాలి. లారీ డ్రైవర్లు ఆయన చెవిని డాక్టరు చెవి కన్నా ఎక్కువ నమ్మేవాళ్లు. లారీలకి ఆ చెవి చాలానే పనికొచ్చింది, కాదనను.

అలాంటి షాపు ముందుకి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక వేసవి పొద్దున, పండుమిరపకాయ రంగులో ఒక కారొచ్చి ఆగింది. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు. నా మోకాలి పైకి ఇంకో జానెడు ఎత్తుంటుందేమో. గాలాయన చుట్టూ తిరిగి చూసి, "ఇది ఇంకా పెరుగుతుందాండీ?" అన్నాడు.

అందులోంచి దిగిన మనిషిని మేం ఎరుగుదుం. కాకినాడ వైపు కాలవగట్టు మీది ఊళ్లో రొయ్యల చెరువుల ఆసామి. ఆయన లారీలకీ ట్రాక్టర్లకీ టైర్లన్నీ మా దగ్గరే. మనిషి భారీ. ఆ కారులోంచి దిగడం చూస్తే, బిగుతు చొక్కా విప్పుకుంటున్నట్టుంది. విశాఖపట్నంలో ఒక ఓడ ఇంజనీరు ఏదో చల్లదేశం నుంచి తెచ్చుకుని, వాడక, అమ్మేస్తుంటే కొన్నాడట.

"కొన్నప్పుడు బాగానే ఉంది మాస్టారూ. ఎండలు ముదిరాక తేడా చేసింది. స్టీరింగు తిప్పితే కాస్త ఆలోచించుకుని తిరుగుతోంది. రోడ్డు మీద నడుపుతున్నట్టు లేదు, పడవ మీద ఉన్నట్టుంది" అన్నాడు. మాస్టారు అని నన్ను ఆయన పిలిచేది గౌరవంతో కాదు. చిన్న ప్రశ్నకి పెద్ద పాఠం చెబుతానని.

వంగి చూశాను. టైరు పక్కన కొండగుర్తు, దాని మధ్యలో ఆరురేకుల మంచు పువ్వు. గాలాయన అది చూసి ఎవరో ముగ్గేశారన్నాడు. రబ్బరు మీద గోరు పెడితే జున్నుముక్కలో దిగినట్టు దిగింది. ఆ గుర్తుని నేను కేటలాగులో చూశాను గానీ, కళ్లతో చూడడం అదే మొదలు. "ఇవి చలికాలపు టైర్లండి" అన్నాను.

ఇక పాఠం మొదలుపెట్టాను. మంచు కురిసే దేశాల్లో చలికి మామూలు రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది, పట్టు ఉండదు. అందుకని చలికాలం రాగానే మెత్తటి రబ్బరుతో, మంచుని కరిచే సన్నటి గాట్లతో చేసిన టైర్లకి మార్చుకుంటారు. ఎండాకాలం రాగానే మళ్లీ రోడ్డు టైర్లు. ఈ కారుకి చలికాలపు జత తగిలించి ఉండగానే ఓడెక్కించారు. మన ఏప్రిల్లో ఇవి అలా నలిగిపోవడం వింతేం కాదు.

ఆసామి అంతా విని, "మనకి మాత్రం చలికాలం లేదా మాస్టారూ? ధనుర్మాసంలో నేను రగ్గు కప్పుకుంటాను" అన్నాడు.

"ఆ రగ్గు వాళ్లు వేసవిలో కప్పుకుంటారండి."

"పోనీ వానాకాలానికి ఉంచుదాం. ఇంతింత గాట్లున్నాయి. మన బురద వాళ్ల మంచుకి ఏం తీసిపోయింది?"

ఆ మాటకి నేను నవ్వాను. కేటలాగులో బురద గురించి లేదు మరి.

ఆయన బరువెంతో అడగలేదు గానీ, కారు బరువు అడిగాను. కాగితంలో చూసి చెప్పాడు. మా షావుకారు గారు లోపల్నుంచి వేళ్ల మీద లెక్కగట్టి, "అంటే తొమ్మిది బస్తాల ధాన్యం. ఇదేం కారండీ, మా బండెద్దు ఒక్కటే లాగేస్తుంది" అన్నారు. అప్పటినుంచి షాపులో దాని పేరు తొమ్మిది బస్తాల కారు.

అంత తేలిక బండికి మెత్తటి పక్కలున్న రోడ్డు టైర్లు కావాలి, మద్రాసు నుంచి తెప్పించాలి అన్నాను నేను. షావుకారు గారు లోపలికెళ్లి, సామాను వేసుకుని తిరిగే చిన్న వ్యాన్లకి వేసే టైర్లు నాలుగు దొర్లించుకొచ్చారు. రిమ్ము సైజు ఒకటే.

"సరిపోయిందా లేదా?" అన్నారు.

"సరిపోయిందండి. కానీ ఇవి బరువు మొయ్యడానికి చేసినవి. బరువు పడితేనే ఇవి వంగుతాయి, వంగితేనే రోడ్డుని పట్టుకుంటాయి. ఈ కారు వీటిని వంచలేదు."

"సైజు సరిపోయిందంటున్నావు కదటోయ్."

"సైజు సరిపోయిందని పంచె బదులు గోనెపట్టా కట్టుకుంటామాండీ?"

షావుకారు గారు నాతో వాదించలేదు. ఆసామి వైపు తిరిగి, "మావాడు చదువుకుంటాడండి" అన్నారు, దగ్గొస్తుంది పాపం అన్నట్టు. వ్యాను టైర్లు ఎక్కేశాయి. గాలాయన ఖంగుమనేదాకా కొట్టాడు. నాకు ఒళ్లు మండి టీ తాగడానికి వెళ్లిపోయాను.

తొలకరి పడ్డాక ఒక రోజు ఆసామి భార్యతో కలిసి జీపులో వచ్చాడు. కారు లేదు. ఆయన తలొంచుకున్నాడు. ఆవిడ తలెత్తుకునే ఉంది. సన్నగా, నిదానంగా, ఒక్కో మాటా తూచి మాట్లాడే మనిషి. జరిగిందేంటంటే, చినుకుల్లో కాలవగట్టు మీద మలుపు తిప్పబోతే కారు తిరగలేదు. పక్కకి జారి, గట్టు దిగి, ఎవరిదో నారుమడిలో కూర్చుంది. దెబ్బలేం తగల్లేదు. ఆవిడ పక్క సీట్లోనే ఉంది.

"నారుమడి గలాయన వచ్చి నాకు నమస్కారం పెట్టాడండి" అంది ఆవిడ. "అమ్మగారు నాట్లకి ఇంత తొందరగా వచ్చేశారేంటి అన్నాడు."

ఆసామి ఏదో అనబోయాడు.

"మీరుండండి. అన్నయ్యగారూ, మీరేనటగా ఈ టైర్లు వద్దన్నది? కార్తీకంలో అన్నవరంలో వ్రతం చేయించుకోవాలి. ఈయన ఈ కారులోనే వెళదామంటారు. సరే అన్నాను. వెళ్లేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఒక్కసారి జారినా కారు అమ్మెయ్యాలి. కాకినాడలో డాక్టరు గారొకాయన అడుగుతున్నారు. ఈయన ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నానండి" అన్నాడు ఆసామి, రొయ్యలకి తెగులొచ్చిందని విన్నప్పటి గొంతుతో.

ఆవిడ జీపెక్కాక ఆయన వెనక్కొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను మామూలుగా అడిగాను, అంత బాధ దేనికండీ, పెద్ద కారు కొనుక్కోండి అని. ఆయన కాసేపు రోడ్డు మీద పోయే లారీలు చూసి, "నాకున్నవన్నీ మోసేవే మాస్టారూ. లారీలు, ట్రాక్టర్లు, మా నాన్న పోయినకాణ్నించీ నేను. ఇదొక్కటే ఏమీ మొయ్యదు. తెల్లారకట్ల చెరువుల చుట్టూ దీంట్లో ఒక్కసారి తిరిగితే, నా ఒంట్లో బరువుందన్న సంగతి నాకే తెలీదు" అన్నాడు.

ఎగతాళికి ఏదో మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అప్పటినుంచి ఆ టైర్లు నా పూచీ. మద్రాసులో కార్ల పందేలు ఆడేవాళ్లకి టైర్లమ్మే ఒకాయన ఉన్నాడని విని, ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేశాను. ఆయన సగం అరవం సగం తెలుగు. బండి బరువెంత అన్నాడు. అలవాటుకొద్దీ తొమ్మిది బస్తాలన్నాను. లైను సరిగా లేదనుకుని నాలుగుసార్లు హలో హలో అన్నాడు. కిలోల్లో చెప్పాక మళ్లీ మనుషుల్లో పడ్డాడు. మెత్తటి పక్కలు, నీళ్లు బయటికి తోసే నిలువు కాలవలు, మరీ వెడల్పు వద్దు. తేలిక బండికి వెడల్పు టైరు వేస్తే నీళ్ల మీద తేలుతుంది, అదీ ఆయనే చెప్పాడు. నేను వెడల్పుదే అడుగుదామనుకున్నాను, చూడ్డానికి దర్జాగా ఉంటుందని. ఫోనులో కాబట్టి నా ముఖం ఆయనకి కనపళ్లేదు.

టైర్లొచ్చాయి. గాలి ఎంత అన్నది తేల్చాలి. చాక్‌పీసుతో టైరు వెడల్పంతా అడ్డంగా గీత గీసి, బండిని నాలుగడుగులు నడిపించి చూశాను. నడి మధ్యలో మాత్రమే గీత చెరిగితే గాలి ఎక్కువ, అంచులు రోడ్డుకి తగలడం లేదని. కాస్త తీశాను, మళ్లీ గీశాను. ఇంకాస్త తీశాను. గీత ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చెరిగేసరికి మీటరు ఎక్కడుందంటే, గాలాయన చూసి రాడ్డు కింద పెట్టేశాడు.

"ఇది గాలి కాదండి, నిట్టూర్పు" అన్నాడు.

రాడ్డుతో ఒకసారి కొట్టి చూశాడు. బొద్దుమంది. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. చేతిలో గాలిపైపుతో ఆ రోజంతా ఆ కారు చుట్టూ తిరుగుతుంటే, నేను స్టూలేసుకుని కాపలా కూర్చున్నాను. దారిలో ఏ బంకులోనూ ఎవరిచేతా గాలి కొట్టించొద్దని ఆసామికి ఒట్టు పెట్టించినంత పని చేశాను.

కార్తీకమాసం వచ్చింది. వ్రతం రోజున నువ్వు వెంట ఉండవోయ్ అన్నారు షావుకారు గారు. కారులో మూడో సీటు లేదు. నేను తెల్లవారుజామున బస్సులో వాళ్ల ఊరు చేరేసరికి కారు వెనక ఒక ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. అందులో ఏముందా అని చూస్తే, ఆ నాలుగు చలికాలపు టైర్లు, ఎక్కడో సంపాదించిన వేరే రిమ్ములకి ఎక్కించి మరీ.

"ఇవెందుకండీ?" అన్నాను.

"మీరు కూర్చోడానికి" అన్నాడు ఆసామి. కళ్లు తిప్పేసుకున్నాడు. రెండు రోజుల కిందట పట్టిన ముసురు ముందురోజే వదిలింది. ఆయన నమ్మకం ఆయనది. ఆ టైర్లు పారేయమని నేను ఎన్నిసార్లు చెప్పానో.

పట్టుచీర కట్టుకుని, ఒళ్లో తమలపాకులూ అరటిపళ్లూ ఉన్న బుట్ట పెట్టుకుని ఆవిడ ఎక్కింది. ఆయన పట్టుపంచెలో ఇరుక్కున్నాడు. వెనక ఆటోలో, చల్లదేశపు టైర్ల మీద నేను.

కారు ఎంత బాగా పోయిందో చెబితే మీకు నా గొప్పలాగే ఉంటుంది, అయినా చెబుతాను. తడిరోడ్డు మీద గీత గీసినట్టు పోయింది. ఆ నారుమడి మలుపు దగ్గర ఆయన మెల్లగా తిప్పాడు. కారు ఆలోచించుకోకుండా తిరిగింది. ఆవిడ వెనక్కి తిరిగి నావైపు చూసి తలూపింది. నేను ఆటోలో దండెత్తి గెలిచిన రాజులా కూర్చున్నాను.

టీకొట్టు దగ్గర ఆగితే సైకిలు షాపు ఆయన పంపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "టైర్లు కూచున్నాయండి, కొట్టేస్తాను, ఆయ్, మీరు డబ్బులివ్వక్కర్లేదు." నేను అడ్డం నిలబడ్డాను. ఆయన అటునుంచి వస్తే అటు, ఇటునుంచి వస్తే ఇటు. మంచివాళ్లని ఆపడం దొంగల్ని ఆపడం కన్నా కష్టం.

సామర్లకోట ఇంకా కాస్త దూరం ఉందనగా, ఒక ఊరి బయట కారు ఆగింది. నేను దిగి ముందుకెళ్లాను.

ముసుర్లో తడిసిన ధాన్యాన్ని ఊరివాళ్లు రోడ్డు మీద ఆరబోశారు. రోడ్డుకి ఒక సగం ధాన్యం. రెండో సగంలో, పొలాల్లోంచి ఎక్కిన ట్రాక్టర్లు దింపిన నల్లరేగడి, దాని మీద తడిగడ్డి, అక్కడక్కడా చెదిరిన గింజలు, అన్నీ కలిసి మెత్తగా, నిగనిగలాడుతూ పాతిక గజాలు. పొద్దున వచ్చిన బస్సే అడ్డం తిరిగితే జనం తోశారట. వెనక్కి తిరిగి చుట్టుదారిన పోతే వ్రతం వేళ దాటిపోతుంది. పక్కన కళ్లంలో కుప్ప నూర్చే జట్టు పని ఆపి మమ్మల్ని చూస్తోంది. డజను మందికి పైనే ఉంటారు.

"ధాన్యం మీంచి పోనిద్దామా?" అన్నాడు ఆసామి, మెల్లగా.

"వ్రతానికి వెళుతూ ఎవరి అన్నం తొక్కుతాం?" అంది ఆవిడ. ఆ మాటకి ఎదురు లేదు.

మిగిలింది బురద. ఆసామి నన్ను పక్కకి లాగాడు. "ఇప్పుడు మార్చేద్దాం మాస్టారూ. చలికాలపువి. అన్ని గాట్లున్నాయి, కరుచుకుంటాయి. ఇందుకే తెచ్చాను."

నేను వంగి ఆ బురద కొంచెం వేళ్లతో తీసి నలిపాను. నా రోడ్డు టైర్లు దీని మీద నిలబడవు, అది తెలుస్తూనే ఉంది. మరి ఇవి? గాట్లు మట్టిని కరిస్తే కరవచ్చు. లేదా గడ్డీ గింజలూ ఆ గాట్లలో కూరుకుని గుండు టైర్లయిపోవచ్చు. చదివిన కేటలాగులన్నీ తలలో తిరగేశాను. మంచు ఉంది, మంచుగడ్డ ఉంది, తడిసిన తారు ఉంది. కార్తీకమాసంలో వరిగడ్డి ఏ కంపెనీవాడూ రాయలేదు.

ఆవిడ కారులోంచే అడిగింది. "అన్నయ్యగారూ, అవి వేస్తే జారకుండా ఉంటుందా? మీకు తెలుసా, తెలియదా?"

ముప్ఫయ్యేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. అడిగితే మాత్రం ఏదో ఒకటి చెప్పేవాణ్ని.

"తెలియదండి" అన్నాను.

ఆసామి ముఖం చూడలేకపోయాను. ఆయనకి ఆ క్షణంలో కారు పోయినట్టే. ఆవిడ మాత్రం సరే అన్నట్టు తలూపి, బుట్ట సర్దుకుంది.

కళ్లంలోంచి జట్టు పెద్ద వచ్చాడు. తలకి తువ్వాలు, మోకాళ్లదాకా మట్టి. "ఏంటండి ఇబ్బంది? తోసెయ్యమంటారా?"

"తోస్తే జారుతుంది" అన్నాడు ఆసామి.

"జారితే ఏమైందండీ, అవతల పడతారు."

"జారకూడదు. ఒక్కసారి కూడా జారకూడదు. జారితే అమ్మెయ్యాలి." పట్టుపంచె కట్టుకున్న అంత పెద్దమనిషి, నడిరోడ్డు మీద, ఎరగని మనిషికి తన కష్టం మొత్తం చెప్పేసుకున్నాడు.

జట్టు పెద్ద ఆయన్ని చూశాడు, లోపల కూర్చున్న ఆవిడని చూశాడు, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందువైపు వంగి రెండు చేతులతో పట్టి కొంచెం పైకి లేపి, వదిలి, "ఎంత ఉంటుందండి?" అన్నాడు.

"తొమ్మిది బస్తాలు" అన్నాను నేను. జన్మలో మొదటిసారి ఆ లెక్క సరైన మనిషికి చెప్పాను.

"ఆయ్, తొమ్మిది బస్తాలకి ఇంత ఆలోచనేంటండీ? జారకూడదంటే నేల మీద పెట్టకుండా ఉంటే సరిపోద్ది." కళ్లం వైపు తిరిగి కేకేశాడు. "ఒరేయ్, ఆ సరుగుడు కర్రలు పట్రండ్రా. పల్లకీ ఉంది."

జట్టంతా నవ్వుకుంటూ వచ్చేసింది. పెద్ద కర్రలు రెండు కారు కింద అడ్డంగా దూర్చబోతే నేను అరిచాను. రేకు నొక్కుకుపోతుంది. జాకీ పెట్టే చోట్లు ఎక్కడో చూపించి, కర్రకీ కారుకీ మధ్య గోనెసంచులు మడిచి పెట్టించాను. ఆ రోజు నా చదువు అక్కరకొచ్చింది అక్కడ.

"నేను దిగుతానుండండి" అంది ఆవిడ.

"మీరు కూర్చోండమ్మా. మీ బరువెంతని. చీరకి మట్టవుద్ది." జట్టు పెద్ద ఆసామి వైపు తిరిగాడు. "తమరు దిగాల్సిందేనండి. తమరు కూర్చుంటే పది బస్తాలు దాటిపోద్ది."

ఆసామి దిగాడు. దిగి పక్కన నిలబడతాడనుకున్నాను. పంచె పైకి ఎగగట్టి, చెప్పులు ఆటోలో పడేసి, వెనక కర్ర చివర భుజం పెట్టాడు. ఒకడు "అయ్యగారూ మీకెందుకండీ" అంటే, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

లేపారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఎర్రకారు, నాలుగు చక్రాలూ గాల్లో, నేను అన్ని నెలలు వెతికి తెచ్చిన నాలుగు టైర్లూ దేన్నీ ముట్టుకోకుండా, బురద మీంచి మెల్లగా ముందుకి కదిలింది. లోపల ఆవిడ బుట్ట ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ధాన్యం ఎగదోస్తున్న ఆడవాళ్లు చీపుళ్లు ఆపేశారు. ఒకామె "అత్తారింటికేనా అమ్మా?" అంది. "కాదు, స్వామి దగ్గరికి" అంది ఆవిడ, నవ్వకుండా. ఆసామి చీలమండలదాకా దిగబడుతూ, చెమట కారుతూ, ఊపిరందక ఏదో అంటున్నాడు. దగ్గరికెళ్లి విన్నాను. "నిమ్మళంగా, నిమ్మళంగా, దాన్ని కుదపకండ్రా" అంటున్నాడు. దాన్ని అంటే కారునో, ఆవిడనో నాకు తెలియలేదు. ఆవిడ మాత్రం తల తిప్పి ఆయన్నే చూస్తోంది.

అవతల తారురోడ్డు మీద దించారు. డబ్బులిస్తానంటే జట్టు పెద్ద చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వ్రతానికి పల్లకీ మోసి కూలి తీసుకుంటామాండీ? ప్రసాదం పట్రండి."

పెద్దాపురంలో ఆగి ఆసామి కాళ్లు కడుక్కున్నాడు. పంచెకి మట్టి పోలేదు. అలాగే కొండెక్కి, అలాగే పీటల మీద కూర్చున్నాడు. కథ వింటున్నంతసేపూ ఆవిడ ముఖంలోకి దొంగచూపులు చూశాడు. ఆవిడ ఏమీ తేల్చలేదు. దిగేటప్పుడు మెట్ల మీద ఆయన ఆగలేక, "జారలేదు కదా" అన్నాడు.

"నడవనూ లేదు" అంది ఆవిడ.

తిరుగుదారిలో ఆ ఊరి దగ్గరికొచ్చేసరికి ఎండకి బురద గట్టిపడింది, గడ్డి పక్కకి లాగేశారు, ధాన్యం కుప్పలు చేసి పట్టాలు కప్పుతున్నారు. కారు మనిషి నడకన దాటింది, జారలేదు. దాటాక ఆవిడ ఆపమంది. ప్రసాదం పొట్లాలు తీసుకుని కళ్లంలోకి దిగి, ఒక్కొక్కళ్లకీ తనే చేతిలో పెట్టింది. ఆసామి కారు దగ్గరే నిలబడిపోయాడు, తీర్పు వినడానికి వచ్చినవాడిలా.

జట్టు పెద్ద ప్రసాదం కళ్లకద్దుకుని, "ఇంతకీ అమ్మేస్తున్నారాండీ, ఉంచుతున్నారా? మావాళ్లు పందెం వేసుకున్నారు" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి ఆసామిని చూసింది.

"ఈయన ఎన్నిటినో మొయ్యగా చూశాను. ముఖం చిట్లించుకోకుండా మొయ్యడం ఇవాళే చూశాను" అంది. "ఉండనివ్వండి."

ఆసామి జేబురుమాలు తీసి కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

మర్నాటికల్లా రాజమండ్రి దాకా కథ పాకింది. షాపుకొచ్చిన ప్రతి లారీ డ్రైవరూ అదే. కారుని భుజాల మీద మోశారట కదా, ఆవిడ దిగలేదట కదా, ఆయన కూడా మోశాడట కదా. నేను ఆ నారుమడి మలుపు గురించి చెప్పబోయేవాణ్ని, తడిరోడ్డు మీద కారు ఎలా తిరిగిందో, గాలి ఎంత పెట్టామో. ఒక్కడు నిలబడి వింటే ఒట్టు. ఆ కారుకి ఏ టైర్లు వేశారండీ అని ఇప్పటిదాకా, ఇన్నేళ్లలో, ఒక్క మనిషి నన్ను అడగలేదు.